చెరువు గట్టు మీద సిమ్ము

తెల్లవారుజామున మూడు కావస్తోంది. కాళ్ల మండలంలో ఒక వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నారు మీరు. చెప్పులకు బురద అంటుకుంటోంది. ఎటు చూసినా నీళ్లే. చెరువుకీ చెరువుకీ మధ్య ఒక మోటారు సైకిలు పట్టేంత దారి. భీమవరం వైపు ఆకాశం కాస్త పచ్చగా ఉంది. ఏరియేటర్ల రెక్కలు నీళ్లను కొడుతున్న చప్పుడు ఉన్నట్టుండి నెమ్మదించింది, ఆగిపోయింది. కరెంటు పోయింది.

పాకలో కాపలా తాత ఇంకా దుప్పటి తీయలేదు. ఈలోపే స్తంభానికి బిగించిన తెల్ల డబ్బాలో ఎర్ర లైటు వెలిగింది. దాని లోపల ఒక చిన్న బ్యాటరీ, ఒక 4జీ మోడెమ్, ఒక సిమ్ము ఉన్నాయి. మూడు ఫేజులూ పోయాయన్న కబురు అప్పటికే బయల్దేరింది.

ఈ వేళప్పుడు కరెంటు పోవడం అంటే ఏమిటో రొయ్యల రైతుని అడగండి. పగలంతా నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రయ్యాక అదే నాచు ఆ ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లవారకముందు ఈ గంటా రెండు గంటల్లోనే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, అట్టడుగుకి చేరుతుంది. లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రొయ్య మేత తింటుంది, తిరుగుతుంది. 2కి దిగిందంటే రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలడం మొదలుపెడతాయి. మూడు నెలలు పోసిన మేత, కట్టిన కరెంటు బిల్లు, తెచ్చిన అప్పు, అన్నీ అక్కడ తేలుతూ కనిపిస్తాయి.

ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, భీమవరం జువ్వలపాలెం రోడ్డు పక్కన ఒక సందులో, రైతు ఫోను గట్టిగా మోగుతోంది. అది మామూలు రింగు కాదు, ఈ హెచ్చరిక కోసమే పెట్టుకున్నది. ఆయన కళ్లు నులుముకుంటూ ముందు తాతకి ఫోన్ చేస్తాడు.

"తాతా, కరెంటు పోయినట్టుంది. జనరేటర్ వేశావా?"

"ఏత్తన్నానండి బాబుగారండీ. ఆయిలుందండి. ఒక్క నిమిషం అండి."

జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది. గట్టు అదురుతోంది. భీమవరంలో మంచం మీద కూర్చున్న రైతు ఫోను తెర మీద ఒక్కో ఏరియేటర్‌నీ నొక్కుతున్నాడు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కాస్త ఎడం ఇస్తున్నాడు. అన్నీ ఒకేసారి లాగితే జనరేటర్ తట్టుకోదు. మీ ఎదురుగా మొదటి రెక్క తిరిగింది, తర్వాత రెండోది. నీళ్లు మళ్లీ తెల్లగా నురగ కడుతున్నాయి.

ఆ తెర మీద "ఆన్" పక్కనే "ఆఫ్" కూడా ఉంది. ఆ "ఆఫ్" ఎవరి వేలికి అందుతుందో ఈ చెరువు వాళ్ల చేతిలో ఉన్నట్టే. కాబట్టి ఇందాక రైతు వేలు తెరకి తగిలినప్పటి నుంచి ఇక్కడ రెక్క తిరిగేదాకా గడిచిన ఆ కాసేపట్లోకి దిగి చూద్దాం.

రైతు ఫోనులోని సిమ్ము అనే ఆ గోరంత ముక్కలో 128 బిట్ల రహస్య తాళం ఒకటి ఉంటుంది. దాని జంట నకలు కంపెనీ వాళ్ల కేంద్రంలో, గట్టి కాపలాలో ఉంటుంది. ఈ రెండు చోట్ల తప్ప అది ఇంకెక్కడా ఉండకూడదు, గాలిలో ఎప్పుడూ ప్రయాణించదు. ఫోను టవరుని పలకరించగానే కేంద్రం ఒక అంకెల ప్రశ్న పంపుతుంది. సిమ్ము తన తాళంతో ఆ ప్రశ్నకి జవాబు కట్టి తిప్పి పంపుతుంది. జవాబు సరిపోతే లోపలికి రానిస్తారు. తాళం ఎవరికీ చూపించకుండానే తన దగ్గర తాళం ఉందని రుజువు చేసుకోవడం అన్నమాట. ఈ పద్ధతి అందంగా ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైబడి ఇదే పునాది.

పునాది గట్టిదే గానీ పాత 2జీ కట్టడంలో పెద్ద బొక్క ఉండిపోయింది. ఫోను తానెవరో టవరుకి రుజువు చేసుకోవాలి. టవరు తానెవరో ఫోనుకి చెప్పక్కర్లేదు. ఎవడో ఒక వ్యాను వెనకాల నకిలీ టవరు పెట్టుకుని తిరిగితే, చుట్టుపక్కల ఫోన్లు నమ్మి దానికి అతుక్కుంటాయి. ఇది ఊహ కాదు. 2024 నవంబరులో బ్యాంకాక్‌లో అలాంటి వ్యానునే పోలీసులు పట్టుకున్నారు. అది వీధుల్లో తిరుగుతూ లక్షల ఫోన్లలోకి దొంగ ఎస్సెమ్మెస్‌లు దింపింది. ఇక 2జీ మాటల్ని దాచిపెట్టే ఏ5/1 అనే లెక్కని జర్మనీకి చెందిన కార్‌స్టెన్ నోల్ బృందం 2009 చివర్లోనే అందరి ముందూ విప్పి చూపించింది.

మన గట్ల మీద మోటార్లు నడిపే "మొబైల్ స్టార్టర్లు" చాలాభాగం ఆ 2జీ కాలంలో పుట్టినవే. మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, ఎస్సెమ్మెస్ పెడితే ఆగుతుంది. అది చూసేది ఒక్కటే, ఫోన్ వచ్చిన నంబరు తనలో రాసిపెట్టుకున్న నంబరేనా అని. నంబరు మార్చి చూపించే మోసం ఊరూరా నడుస్తున్న రోజుల్లో ఇంత పంటని దాని మీద వదిలేయడం నాకు భయంగా ఉంటుంది. ఆ స్టార్టర్ రైతుకి అర్ధరాత్రి టార్చి పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తే బాధ తప్పించింది, ఆ మేలు కాదనలేం. దానికి తాళం వేయాల్సిన బాధ్యత మాత్రం తయారు చేసినవాళ్లు తీసుకోలేదు.

3జీ వచ్చాక టవరు కూడా తన్ను తాను రుజువు చేసుకోవడం మొదలైంది. 4జీలో తాళాల అమరిక ఇంకా బిగిసింది. అయినా ఒక లోటు మిగిలిపోయింది. ఫోను మొదటిసారి నెట్‌వర్క్‌లోకి వచ్చేటప్పుడు తన అసలు గుర్తింపు సంఖ్యని బాహాటంగా చెప్పేది. కార్తీక సోమవారం గునుపూడి సోమేశ్వరస్వామి గుడి క్యూలో నిలబడి ఇంటిపేరుతో సహా ఊరూ పేరూ కేకేసి చెప్పుకున్నట్టు. పక్కన ఎవరు వింటున్నారో తెలియదు. ఆ సంఖ్య దొరికితే ఒక మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో వెంటాడవచ్చు.

5జీ మూసింది ఆ నోటినే. ఇప్పుడు సిమ్ములో కంపెనీ వాళ్ల బహిరంగ తాళం కూడా ఉంటుంది. ఫోను తన గుర్తింపుని దాంతో కట్టేసి పంపుతుంది. విప్పగలిగేది కంపెనీ కేంద్రం ఒక్కటే. మధ్యలో టవరుకి కూడా అది అర్థం కాని అంకెల ముద్దే. పంపిన ప్రతిసారీ ఆ ముద్ద రూపం మారిపోతుంది, కాబట్టి నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకరివేనని కనిపెట్టలేరు. ఇంకొకటి కూడా కలిపారు. 4జీలో డేటాని దాచేవారే గానీ, దారిలో ఎవరైనా దాన్ని కెలికారా అని చూసే ఏర్పాటు మామూలు డేటాకి ఉండేది కాదు. 5జీ ప్రమాణాల్లో ఆ ఏర్పాటు ఉంది. ఏరియేటర్ "ఆన్" అన్న కబురుకి దాపరికం కంటే ఇదే ఎక్కువ ముఖ్యం. రైతు ఏం నొక్కాడో పక్కవాడు చూస్తే చెరువుకి నష్టం లేదు. "ఆన్" కాస్తా "ఆఫ్" అయితేనే నష్టం.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైనప్పుడు రెండు దారులు కనిపించాయి. జియో మొదటి నుంచీ రేడియోతో పాటు కేంద్రాన్ని కూడా కొత్తగా కట్టుకుంది. ఎయిర్‌టెల్ ముందు తన 4జీ కేంద్రం మీదే 5జీ రేడియోలు నిలబెట్టింది. పైన చెప్పిన గుర్తింపు దాపరికం కొత్త కేంద్రం ఉంటేనే పనిచేస్తుంది. పాత కేంద్రం మీద నడిచే 5జీలో వేగం వస్తుంది, ఈ కాపలా రాదు. ఫోను పైన మాత్రం రెంటికీ ఒకే గుర్తు. కొన్నవాడికి ఏది అందుతోందో తెరమీద చూపించాలి. వేగం ఎంతో చెప్పే ప్రకటనల్లో సగం చోటైనా దీనికి ఇవ్వాలి.

టవరు దాకా వచ్చాం. గాలిలో కట్టిన మూట ఇక్కడ విప్పుతారు. ఇక్కడి నుంచి కంపెనీ కేంద్రానికి ఫైబరు మీదో, ఒక టవరు నుంచి ఇంకో టవరుకి మైక్రోవేవ్ మీదో వెళ్తుంది. ఆ దారిలో కంపెనీ వేరే కవచం వేయాలి. అది ఎంత గట్టిగా వేశారన్నది రైతు చేతిలో లేదు. అందుకే మంచి యాప్‌లు నెట్‌వర్క్ కాపలాని నమ్ముకుని ఊరుకోవు. బ్యాంకు వెబ్‌సైట్లు వాడే టీఎల్ఎస్ మూటనే ఇవి కూడా ఫోనులోనే కట్టి, చివర ఉన్న సర్వరు దగ్గరే విప్పుతాయి. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ లాంటి కంపెనీలు నీళ్ల సెన్సార్లనీ, మేత యంత్రాలనీ ఈ చెరువుల్లోకి తెచ్చాక, కొనేముందు రైతు అడగాల్సిన ప్రశ్న ఒకటి పెరిగింది. డబ్బా నుంచి సర్వరు దాకా మూట కట్టే ఉంటుందా?

ఇంకా చీకటి విడలేదు. తాత బీడీ వెలిగించి, "సంకురాత్తిరికైతే ఈ ఫోనే పలకదండి" అంటున్నాడు. నిజమే. భోగి నుంచి కనుమ దాకా హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన బంధువులతో, కోడిపందేల బరుల దగ్గర జనంతో, భీమవరం చుట్టూ టవర్లు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. వీడియోలు ఎక్కించేవాళ్ల వెనక ఈ చెరువు హెచ్చరిక కూడా వరసలో నిలబడాల్సిందే. కొత్త 5జీ కేంద్రంతో వచ్చే అసలు లాభం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఒకే నెట్‌వర్క్‌ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకీ వేరే హామీ ఇవ్వొచ్చు. దాన్నే స్లైసింగ్ అంటున్నారు. జియో ఇళ్లకిచ్చే ఎయిర్‌ఫైబర్‌కి ఈ పద్ధతి వాడుతోంది. ఏరియేటర్లకీ, అంబులెన్సులకీ, కరెంటు సబ్‌స్టేషన్లకీ అలాంటి ముక్క ఒకటి విడిగా పెడితే, పండగ రోజు కూడా ఆ కబురు ఆగదు, పక్క ముక్కలో పడ్డ దొంగ దీనిలోకి దూరడం కూడా కష్టమవుతుంది. ఇలాంటి చిన్న డబ్బాల కోసమే తక్కువ ఖర్చు 5జీ మోడెమ్‌ల ప్రమాణం, రెడ్‌క్యాప్ అని, 2022లో ఖరారైంది. అవి ఇంకా మన గట్టు ఎక్కాల్సి ఉంది.

తెల్లవారింది. పక్క చెరువులో ఇవాళ పట్టుబడి. ఐసు లారీ అప్పటికే గట్టుకి వచ్చి ఆగింది. నడుముల్లోతు నీళ్లలో వల లాగుతున్నారు. రొయ్యలు క్రేట్లలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఏజెంటు కిలో తూచి లెక్కబెట్టి కౌంటు చెబుతున్నాడు. ఒకటీ అరా తేడాకి ధర మారిపోతుంది కాబట్టి రైతు కూడా తన చేత్తో ఇంకోసారి లెక్కపెడుతున్నాడు.

లారీ సరుకు డబ్బు ఆర్‌టీజీఎస్‌లో వస్తుంది. 2020 డిసెంబరు నుంచి అది రాత్రీ పగలూ నడుస్తోంది, ఆదివారం పట్టుబడికీ ఇబ్బంది లేదు. ఐసుకీ, డీజిలుకీ, వల కూలీలకీ మాత్రం యూపీఐ. కూలీలు మేస్త్రికి మొత్తం వేయనివ్వట్లేదు. "ఎవలిది ఆళ్లకే ఏసెయ్యండి బాబూ" అని వరసలో నిలబడి ఫోన్లు చాపుతున్నారు. తడి చేతుల్ని లుంగీకి తుడుచుకుని ఒకతను తెర మీద క్యూఆర్ చూపిస్తున్నాడు.

ఆ కూలీ ఫోనులో యూపీఐ మొదటిసారి తెరిచినప్పుడు ఏం జరిగిందో చూడండి. ఆ యాప్ అతని సిమ్ము నుంచి బ్యాంకుకి ఒక ఎస్సెమ్మెస్ పంపింది. అతను దాన్ని టైపు చేయలేదు. ఆ ఎస్సెమ్మెస్ ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఈ ఫోనూ ఈ సిమ్మూ ఈ ఖాతా ఒకరివేనని బ్యాంకు ముడివేసింది. అందుకే సిమ్ము తీసి వేరే ఫోనులో వేస్తే యాప్ మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. పిన్ను టైపు చేసే తెర కూడా యాప్ కంపెనీది కాదు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐది. ఆ నాలుగో ఆరో అంకెలు అక్కడే ముడిపడి బ్యాంకుకి చేరతాయి. మధ్యలో యాప్ వాళ్లకి కనబడవు. కాపలా ఇంత పకడ్బందీగా ఉంది కాబట్టే దొంగ దాన్ని బద్దలు కొట్టే పని పెట్టుకోడు. పిన్నుని మనచేతే నొక్కిస్తాడు. "డబ్బు పంపుతున్నాం, తీసుకోవడానికి పిన్ను కొట్టండి" అంటాడు. డబ్బు రావడానికి పిన్నుతో పని లేదు, పోవడానికే పిన్ను. మనుషుల మధ్య డబ్బు అడిగే "కలెక్ట్" రిక్వెస్టులని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసిందంటే ఆ మోసం ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

పదిన్నరకి రైతు భీమవరం బయల్దేరాడు. మీరు వెనక సీట్లో ఉన్నారు. యనమదుర్రు డ్రెయిను దాటి ఊళ్లోకి వచ్చేసరికి ఎండ ముదిరింది. టీ బండి దగ్గర ఆగితే, గాజు సీసాల పక్కన చేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఎంత డబ్బు పడిందో తెలుగులో అరుస్తోంది. దాంట్లోనూ ఒక సిమ్ము ఉంది. కొన్నవాడి ఫోను తెర మీద "సక్సెస్" అని కనిపించినా దాన్ని నమ్మాల్సిన పని టీ బండి ఆయనకి లేదు. తెర బొమ్మ దొంగది కావచ్చు. ఆయన డబ్బా వేరే దారిలో కంపెనీ నుంచి నేరుగా కబురు తెస్తోంది. పంపినవాడి మాట మీద ఆధారపడకుండా రుజువు ఇంకో దారిలో రావడం భద్రతలో చాలా పాత సూత్రం. అది టీ బండి మీదికి వచ్చేసింది.

ఇవాళ ఒకటో తారీఖు కావడంతో సందు చివర సచివాలయం ఉద్యోగి ఇంటింటికీ తిరిగి పింఛన్లు ఇస్తోంది. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని వేలు చాపింది. జీవితాంతం నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేలిముద్ర. ఒకసారి పడలేదు. రెండోసారీ పడలేదు.

"మామ్మగారూ, ఇంకో వేలు పెట్టండి. కాస్త తుడిచి పెట్టండి."

మూడోసారికి ఫోనులో ఆకుపచ్చ గుర్తు వచ్చింది. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఆ ముద్ర ఈ అరుగు మీద నుంచి ఆధార్ సర్వరు దాకా వెళ్లి వచ్చింది, ఆ దారంతా ముడివేసే ఉంది. మరి ముద్రే దొంగదైతే? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ముల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రలు వెబ్‌సైటు నుంచి దింపుకుని, రబ్బరు ముద్రలు తయారు చేసి, వేల సిమ్ములు తెరిచి దొరికిపోయాడు. ఆధార్ లెక్కలో తప్పు లేదు, నెట్‌వర్క్ తాళంలో తప్పు లేదు. వేలిముద్రలున్న కాగితాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టినచోట తప్పు జరిగింది. పెట్టిన వేలు నిజంగా ప్రాణమున్నదేనా అని చూసే ఏర్పాటుని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. పేదవాడి పింఛను మీద ఇన్ని తనిఖీలు పెట్టే వ్యవస్థ, ఆ పేదవాడి ముద్ర బయటికి పొక్కకుండా చూడటంలో కూడా అంతే కఠినంగా ఉండాలి. మామ్మగారు తన వేలు మార్చుకోలేదు కదా.

2025 జనవరి 30 నుంచి రాష్ట్రంలో "మన మిత్ర" కూడా నడుస్తోంది. సర్టిఫికెట్లు, బిల్లులు, అర్జీలు వాట్సాప్‌లోనే. కలెక్టరేటు 2022లో భీమవరానికే వచ్చినా, చాలామందికి ఆ మెట్లు ఎక్కే పని తగ్గుతోంది. దానికి తగ్గట్టు ఫోను పోగొట్టుకున్నవాడి నష్టం పెరుగుతోంది.

ప్రకాశం చౌక్ దగ్గర సెల్ షాపు. రైతు వచ్చిన అసలు పని ఇక్కడే. గట్టు మీద డబ్బాలో సిమ్ము రీఛార్జి గడువు అయిపోతోంది. కౌంటరు వెనక కుర్రాడు నంబరు కొట్టి తలెత్తాడు.

"బాబాయ్ గారూ, ఈ సిమ్ము ఎవరి పేరు మీదుందండీ?"

"మా దగ్గర ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఉండేవాడు. బిగించేటప్పుడు వాడే తెచ్చేశాడు."

"ఆయన ఎక్కడున్నారండి ఇప్పుడు?"

"కువైట్."

కుర్రాడు ఏమీ అనలేదు గానీ మీకు అర్థమైంది. 128 బిట్ల తాళం, దాచిన గుర్తింపు, ముడివేసిన డేటా, వీటన్నిటి చివర ఒక పేరు ఉంది. ఆ పేరు రైతుది కాదు. కువైట్ కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు. అయినా రేపు అతను తన పేరు మీదున్న సిమ్ములు చూసుకుని, ఇదేదో నాది కాదే అని ఆపించేస్తే, గట్టు మీద డబ్బా మూగబోతుంది. అతని పేరుతో ఇంకెవరైనా నకలు సిమ్ము తీస్తే, చెరువుతో మాట్లాడేది వాళ్లే. రెంటిలోనూ నెట్‌వర్క్ తన పని తాను సరిగ్గానే చేస్తుంది. పేరున్నవాడికి తలుపు తీస్తుంది.

కొత్త తరం నెట్‌వర్క్‌ల భద్రత గురించి రాసేవాళ్లు ఎక్కువగా టవరు గురించీ, కేంద్రం గురించీ రాస్తారు. నా మాట అడిగితే ఆ రెంటికంటే ఈ కౌంటరు ముందు ఎక్కువసేపు నిలబడాలి. గాలిలో దారులు మూసుకుపోతున్నకొద్దీ దొంగ ఇటువైపు నడిచి వస్తాడు. 2017లో జర్మనీలో దొంగలు కంపెనీల మధ్య నడిచే ఎస్ఎస్7 అనే పాత సిగ్నలింగులో దూరి, బ్యాంకు ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు తమ వైపు తిప్పుకున్నారు. 5జీ కంపెనీల మధ్య ఆ సరిహద్దు దగ్గర కొత్త కాపలా గేటు పెట్టింది. అంత కష్టపడి గేటు దూకేకంటే, ఒక దొంగ ఆధార్ నకలుతో డూప్లికేట్ సిమ్ము అడగడం తేలిక. అందుకే డూప్లికేట్ సిమ్ము తీసిన తర్వాత 24 గంటలు దానికి ఎస్సెమ్మెస్‌లు రాకుండా ఆపుతున్నారు, ఓటీపీలు దొంగ చేతికి పోకుండా. 2024 జూలై 1 నుంచి సిమ్ము మార్చాక ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి మారనివ్వట్లేదు. మోసంతో సిమ్ము తీస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా అని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతోంది.

కుర్రాడు తన ఫోనులో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ తెరిచి చూపిస్తున్నాడు. మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో అక్కడ కనిపిస్తుంది, మనది కానిది ఉంటే అక్కడే ఆపించవచ్చు. ఒక మనిషికి తొమ్మిదికి మించి ఉండకూడదు. రైతు తన పేరు మీద చూసుకుంటే నాలుగున్నాయి. మూడు ఇంట్లోవే. నాలుగోది ఎవరిదో గుర్తు రాలేదు.

"ఇది నాది కాదబ్బాయ్."

"అయితే నాట్ మై నంబర్ అని కొట్టెయ్యండి బాబాయ్ గారూ."

ఒక్క నిమిషం ఆలోచించి కొట్టేశాడు. తర్వాత డబ్బా కోసం తన పేరు మీదే కొత్త సిమ్ము అడిగాడు. కుర్రాడు ఇంకో మంచి మాట చెప్పాడు. యంత్రాల కోసం విడిగా 13 అంకెల సిమ్ములు ఉన్నాయి. డబ్బా తయారీ కంపెనీల ద్వారా వస్తాయి. ముందే రాసిచ్చిన నంబర్లతో తప్ప అవి ఎవరితోనూ మాట్లాడవు. దారిన పోయే దొంగ దానికి ఫోన్ చేసి "ఆఫ్" అనలేడు. ఇప్పుడు గట్ల మీదున్న మామూలు పదంకెల సిమ్ముల్లో చాలావాటి చోట ఉండాల్సింది అదే. ఈ సంగతి రైతుకి ఇంతవరకూ చెప్పినవాళ్లు లేరు. డబ్బా అమ్మినవాళ్లు చెప్పి ఉండాల్సింది.

సాయంత్రం ఇంటికి చేరారు. రైతు భార్య ఫోను మోగింది. అవతల గొంతు హిందీ యాస ఇంగ్లీషులో, టెలికాం శాఖ నుంచి అంటోంది. మీ నంబరు మీద కేసు ఉంది, రెండు గంటల్లో సిమ్ము ఆగిపోతుంది, వివరాలకి తొమ్మిది నొక్కండి.

ఆమె వేలు తెర మీదికి వెళ్లింది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే కూతురు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నొక్కకు! పెట్టెయ్."

"పొద్దున్న నాన్న ఏదో నంబరు కొట్టేశారు కదే. దానికే ఫోన్ చేశారేమో."

ఎంత న్యాయమైన అనుమానమో చూడండి. మోసం ఎప్పుడూ మన ఇంట్లో జరిగిన ఏదో ఒక నిజానికి ఆనుకుని నిలబడుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గానీ టెలికాం శాఖ గానీ ఇలా ఫోన్ చేసి సిమ్ము ఆపుతామని బెదిరించవు. ఇక్కడ బాధపెట్టే విషయం ఒకటుంది. ఈ దొంగ గొంతు ఆమె దాకా వచ్చిన దారంతా మనం తెల్లవారుజామున చూసిన కాపలాయే. గాలిలో ముడివేసి, ఎవరూ కెలకకుండా, ఎవరూ వినకుండా, ఒక్క మాట పోకుండా చేర్చింది. ఎవరు మాట్లాడుతున్నారో తేల్చుకోవడం మాత్రం ఆ ఒక్క ఇల్లాలి మీద వదిలేసింది.

వదిలేయకూడదు. కంపెనీలు చేయగలిగింది చాలా ఉంది. బయటి దేశాల నుంచి భారతీయ నంబరు తగిలించుకుని వచ్చే కాల్స్‌ని ఆపే వ్యవస్థని 2024 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు, మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల దొంగ కాల్స్ పట్టుబడ్డాయి. ఒక్క రోజులో అన్ని ఆగాయంటే, అంతకు ముందు అన్ని సంవత్సరాలూ అవి ఇళ్లలోకి వచ్చిపడుతూనే ఉన్నాయని అర్థం. ఆ వడకట్టే పని ఇంకా ముందే జరగాల్సింది.

కూతురు అమ్మ ఫోను తీసుకుని, ఇలాంటి కాల్స్ మీద ఫిర్యాదు చేసే చక్షు అనే సంచార్ సాథీ విభాగంలో ఆ నంబరూ, వచ్చిన వేళా, ఏమన్నాడో రాసి పంపింది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2జీ మీట ఆపేసింది. ఆ మీట అన్ని ఫోన్లలో ఉండదు, ఉన్నచోట వాడుకోవాలి. నకిలీ టవరు ముందుగా చేసే పని ఫోనుని 2జీకి దించడమే. "ఊరవతల సిగ్నలు పోతే మళ్లీ వేసుకో అమ్మా, ఎక్కడుందో చూపిస్తాను" అంటోంది.

ఆమె సగం వింటోంది. అప్పటికే ఉండిలో ఉన్న అక్కకి ఇంట్లోని ఇంకో ఫోను నుంచి కలిపేసింది.

"అక్కా, ఎవడైనా ఫోన్ చేసి తొమ్మిది నొక్కమంటే పెట్టెయ్యి. పోలీసులమన్నా సరే, సీబీఐ అన్నా సరే. బావగారికీ చెప్పు, ఆయన ఎవరు ఫోన్ చేసినా మర్యాదగా మాట్లాడతారు. ఒకవేళ డబ్బు పోయిందనుకో, మనలో మనం ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే చేస్తే బ్యాంకులో ఆపుతారంట, ఆలస్యమైతే వేరే ఖాతాల్లోకి పాకిపోతుందంట. పెన్ను తీసుకో. సైబర్ మోసాలకి ఫోన్ చేసే నంబరు, పంతొమ్మిది ముప్పై. ఆ, ఒకటి తొమ్మిది మూడు సున్నా. రాశావా?"